ఊదుడు పెట్టె కోసం తొమ్మిది అడుగులు

ఆ రోజు పాత ఇనుము కొనే గుజిరీ అంగడి ముందు నేను నడిచిన తొమ్మిది అడుగులు చూసి ఉంటే మా నాయన చప్పట్లు కొట్టేవాడు. వెనక్కి తిరగలేదు. తడబడలేదు. చెప్పు కూడా ఈడ్చలేదు. మూడొందల రూపాయలు తగ్గించుకోవడానికి అంత నిబ్బరంగా నడిచిన మనిషి మా వంశంలో ఇంకొకరు లేరు. ధర్మవరంలో మూడు తరాలుగా అంగళ్లు పెట్టుకుని బతికిన వంశం మాది, కాబట్టి ఇది చిన్న గొప్ప కాదు. అంత చక్కగా చేసిన ఆ పనే నేను బుద్ధెరిగి చేసినవాటిలో అన్నిటికన్నా చెడ్డది.

బేరమాడిన వస్తువు ఒక పాత వీడియో గేము. టీవీకి తగిలించి, పైన క్యాసెట్టు గుచ్చి, రెండు రిమోట్లు చేతబట్టి ఆడేది. మా చిన్నప్పుడు దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది, దాన్ని చదివిన పాపాన ఎవరం పోలేదు. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. గోరంట్లలో మా పెద్దమ్మ పిల్లలు దాన్ని 'క్యాసెట్టు మిషను' అనేవాళ్లు. ఉరవకొండ నుంచి వచ్చి మా బడిలో చేరిన ఒక పిల్ల 'పిస్తోలు టీవీ' అనేది, వాళ్ల ఊళ్లో ఎవరింట్లోనో ప్లాస్టిక్ పిస్తోలుతో కలిపి అమ్మారట. మా అమ్మకు అది 'కండ్లు పీకే పెట్టె'. మా వీధి పిల్లలందరికీ మాత్రం 'ఊదుడు పెట్టె'. మా ఊరి దుమ్ముకు క్యాసెట్టు ఊరికే పలికేది కాదు. బయటికి లాగి, నోటితో గట్టిగా ఊది, మళ్లీ గుచ్చాలి. ఎవరి ఊదుడుకు పలుకుతుందో వాళ్లదే మొదటి ఆట.

మా నాయన పెట్టిన పేరు వేరు. 'ముష్టి డబ్బా'. స్టీలు సామాన్ల సరుకుకు బెంగుళూరు పోయినప్పుడు అక్కడి ఫుట్‌పాత్ మీద దాన్ని చూసి, అమ్మేవాడి ఎదుటే ఆ పేరు పెట్టి, సగానికి కొన్నాడు. మా ఇంట్లో అదొక పద్ధతి. కావలసిన వస్తువును దాని పేరుతో పిలవకూడదు. ముందు పక్కనున్న ఇంకేదో తీసి రేటు అడగాలి. తర్వాత అసలుదాన్ని కాలితో చూపించి, చులకన పేరు ఒకటి తగిలించాలి. ఆఖరుకు నడిచి వెళ్లిపోవాలి.

"మొగంలో ఆశ కనబడిందంటే రేటు నెత్తినెక్కుతాది. ఏడో అడుక్కి పిలుస్తాడు సూడు. పిలవకపోతే పది దాకా పో. పది దాటినా పిలవలేదంటే ఆ వస్తువు మనది కాదు" అనేవాడు నాయన. వేరే పిల్లలు ఎక్కాలు నేర్చుకున్నారు, నేను అడుగులు నేర్చుకున్నాను.

మా అంగడి వెనక గదిలో ఆ పెట్టెతో ఆడింది ముఖ్యంగా ఇద్దరం. నేను, పక్క సందులోని మగ్గం ఇంటి పిల్ల. ఒకే తరగతి, ఒకే బెంచీ. ఒకసారి ఎలుక రెండో రిమోటు తీగ కొరికేసింది. కరెంటు పనివాడు చూసి, ఇది పారేసి కొత్తది తెచ్చుకోండి అన్నాడు. ఆ పిల్ల నాయన ఆ రిమోటును ఒళ్లో పెట్టుకుని మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. తీగ లోపల ఐదు సన్నపోగులు, ఐదు రంగులు. పట్టు పోగు తెగితే ఎట్లా కలుపుతాడో అట్లాగే ఒక్కొక్కదాన్ని మెలిపెట్టి కలిపాడు. ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పట్టుదారం చుట్టాడు. అన్నిటినీ కలిపి పైన ఎరుపు, పచ్చ దారాలతో ఐదు వేళ్ల వెడల్పున కట్టు కట్టాడు. చీరలో మిగిలిన దారమే. కట్టు కొస ఎక్కడ ముగిసిందో గోరు పెట్టి వెతికినా దొరకలేదు.

రిమోటు పనిచేసింది. ఆ రోజు నుంచి నా స్నేహితురాలు దాన్ని ఊదుడు పెట్టె అనడం మానేసి 'పట్టు పెట్టె' అంది. నేను మాత్రం ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. వస్తువు మాది, పేరు దానిది ఎట్లా అవుతుందని నా లెక్క.

అది ఇప్పుడు అనంతపురంలో టీచరు. నేను నాయన అంగట్లోనే, ఆయన కూర్చున్న గల్లా దగ్గరే కూర్చుంటాను. రెండు నెలల కింద దాని నాయన పోయాడు. మగ్గం ఎప్పుడో అమ్మేశారు. ఒక పొద్దున అది ఫోన్ చేసింది.

"ఏమే, ఆ పట్టు పెట్టె ఉండాదా?"

"ఎందుకే ఇప్పుడు?"

"ఇల్లంతా వెదికినా. నాయన చేత్తో నేసినది ఒక్కటీ లేదు. నలభై ఏండ్లు నేసినాడు. ఏ చీరైనా మగ్గం దిగంగానే షావుకారు అంగడికి పాయ. అమ్మ కూడా మిల్లు చీరలే కట్టింది. ఆయన చేతిది నాకు తెలిసి మిగిలినది ఆ కట్టొక్కటే. ఆ వైరు ముక్క ఇచ్చినా చాలు."

మా అంగట్లో ఇంకో పద్ధతి ఉంది. అడిగిన సరుకు లేదని చెప్పం. గోడౌన్‌లో ఉంది, తెప్పిస్తాం అంటాం. మాకు గోడౌన్ లేదు.

"ఉండాది. గోడౌన్‌లో. తెప్పించి పెడతా" అన్నాను.

"అయితే ఇప్పుడే బస్సెక్కుతాండా."

ఫోన్ పెట్టేశాను. సున్నం కొట్టించడానికి వారం కిందటే అటక ఖాళీ చేయించాను. సొట్టపోయిన గిన్నెలతో పాటు ఆ పెట్టెను కూడా గోనెసంచిలో వేసి గుజిరీకి తూకానికి పంపింది నేనే.

స్టేషను అవతల ఆ పాత ఇనుము అంగడికి ఆటోలో పోతుంటే మెసేజ్ వచ్చింది. 'రాప్తాడు దాటినా.' అంటే నాకు ముప్పావు గంట కూడా లేదు.

గుజిరీ భాయ్‌కి పదిహేనేళ్లుగా నేనే సరుకు వేస్తున్నాను. కాటా పక్కన పీట మీద కూర్చుని పాత ఫ్యాన్ల నుంచి రాగి తీగ లాగుతున్నాడు. చేతిలో కటింగ్ ప్లేరు. అతని వెనక కుప్ప మీద, అందరికీ కనిపించేట్టు, ఊదుడు పెట్టె. రెండో రిమోటు కిందికి వేలాడుతోంది. దుమ్ములో కూడా ఎరుపు, పచ్చ తెలుస్తున్నాయి.

చెయ్యి చాపితే అందుతుంది. 'భాయ్, అది నాది, ఎంతైనా తీసుకో' అంటే అయిపోయేది. అనాలనే నోరు తెరిచాను.

"ఈ చెంబు ఎంత భాయ్?" అంది నా నోరు.

"చెంబెందుకక్కా, నీ అంగడి నిండా చెంబులేనాయె."

"సరే, ఆ ముష్టి డబ్బా?" కాలితో చూపించాను.

అతను నవ్వాడు. "వెయ్యి."

"నేనే కదప్పా నీకు తూకానికి వేసింది!"

"అప్పుడు తూకం. ఇప్పుడు సరుకు. బెంగుళూరు పిల్లోల్లు ఇట్లాటివి ఎతుకుతాండారంట, మా అల్లుడు చెప్పినాడు."

"మీ అల్లుడు పలికే పెట్టెల సంగతి చెప్పింటాడు. ఇది పలికి ఇరవై ఏండ్లాయ. లోపల చీమలు గూడు పెట్టింటాయి. ఆ తీగ చూడు, ఎలక కొరికితే ఎవరో గుడ్డ చుట్టినారు."

గుడ్డ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది.

"ఆరొందలు చేస్కో అక్కా. నీకని."

"మూడొందలు. అదీ ఎక్కువే. దీంట్లో రాగి తప్ప ఏముండాది భాయ్, నువ్వే చెప్పు?"

"అంతేనంటావా?"

"అంతే."

అతను ఆలోచనలో పడ్డాడు. ఆ మొహం నాకు తెలుసు. దిగబోయే మొహం. ఫోన్ మళ్లీ మోగింది, తీయలేదు. తీస్తే తొందర కనబడుతుంది. ఇక నడవడమే మిగిలింది. తిరిగి నడిచాను.

ఒకటి, రెండు. ఎండ వీపు మీద పడుతోంది. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడుకు పిలవాలి. పిలవలేదు. వెనక్కి తిరిగి ఆరొందలు ఇచ్చేయమని ఒళ్లంతా చెబుతోంది. నాయన మాత్రం పది దాకా పొమ్మంటున్నాడు. ఎనిమిది. తొమ్మిదో అడుగు నేల మీద ఆనుతుండగా వినిపించింది, 'కటక్' అని.

తిరిగి చూసేసరికి రిమోటు అతని ఒళ్లో ఉంది. ప్లేరుతో కట్టు మధ్యలో కొరికేశాడు. బ్లేడుతో పట్టును నిలువునా చీల్చి, లోపలి పోగులు లాగుతున్నాడు.

"ఏం చేసినావు భాయ్!"

అతను బిత్తరపోయాడు. "నువ్వే కదక్కా రాగి తప్ప ఏం లేదంటివి! పదైదేండ్లుగా ఏ సరుకు ఎంత చేస్తాదో నీ నోట్నుంచే నేర్చుకున్నా. నువ్వు లేదన్నావంటే లేదనే. పొద్దుపోక చెప్తావా?"

నేను కింద కూర్చుని దారాలు ఏరాను. అతను కూడా ప్లేరు పక్కన పెట్టి ఏరాడు. ఎందుకని అడగలేదు. పెట్టె, రిమోట్లు, తెగిన ముక్కలు అన్నీ ఒక కవరులో వేసి ఇచ్చాడు. దుడ్లు వద్దన్నాడు. యాభై రూపాయల నోటు కాటా మీద పెట్టి వచ్చాను.

అంగడికి వచ్చేసరికి ఇంకో మెసేజ్. 'బస్టాండులో దిగినా.' నడిచి వస్తే పది నిమిషాలు. మా పక్కది పట్టుచీరల అంగడి. మా ఊళ్లో ఎరుపు, పచ్చ పట్టుదారాలకు కరువా? అడిగి రెండు మూరలు తెచ్చుకున్నాను. తెగిన కొసలు కలిపి, పైన చుట్టడం మొదలుపెట్టాను. నా వేళ్లు గిన్నెలు కొట్టి మోత వినడానికి అలవాటు పడినవి. చుట్టు మీద చుట్టు ఎక్కింది. చివరికి దెబ్బ తగిలిన వేలికి కట్టిన గుడ్డలా తయారైంది. నేను గుజిరీలో పెట్టిన పేరే దానికి సరిపోయింది. దారమంతా విప్పేసి పక్కన పెట్టాను. అప్పుడే నా స్నేహితురాలు మెట్లెక్కింది.

"ఏమే, గోడౌన్ నుంచి వచ్చిందా?"

కవరు గల్లా మీద పెట్టాను. అది పెట్టెను చూడలేదు, నేరుగా తీగ తీసింది. ఒక కొసకు రెండు వేళ్ల వెడల్పున కట్టు చెక్కుచెదరకుండా మిగిలి ఉంది. మిగతా మూడు వేళ్లంత దారం చీలికలు పేలికలుగా చేతిలో పడింది. ఒక్కొక్క దారాన్నీ పట్టుకుని చూసింది.

"నాయన కొస దొరకనిచ్చేవాడు కాదు. ఇప్పుడు అన్నీ కొసలే" అంది. తర్వాత మెల్లగా, "మళ్లా ఎలక కొట్టిందా?" అని అడిగింది.

నా అబద్ధానికి అదే చెయ్యందించింది. ఊ అంటే చాలు. గోడౌన్ ఉంది, అందులో ఎలుకలున్నాయి, కథ అతికినట్టు సరిపోతుంది. నా నాలుక మీదికి 'ఊ' వచ్చేసింది కూడా. దాని బొటనవేలు ఆ మిగిలిన రెండు వేళ్ల కట్టును నిమురుతూ ఉంది.

"ఎలక కాదే. నేను బేరమాడినా" అన్నాను.

మొత్తం చెప్పాను. గోడౌన్ లేదని, గుజిరీకి వేసింది నేనేనని, గుడ్డ అన్నానని, అడుగులతో సహా.

"ఎంత చెప్పినాడు?"

"వెయ్యి. ఆరొందలకు దిగినాడు."

"వెయ్యీ నేనే ఇస్తాంటి కదే."

"నేనూ ఇచ్చి ఉండొచ్చు."

"మరి?"

"నోరు తిరగలేదు."

అది నా మొహంలోకి చూసింది. తిడితే బాగుండును అనుకున్నాను. "చిన్నప్పుడూ అంతే నువ్వు. ఒక్క ఆట నాకు ఎక్కువ ఇయ్యాలంటే పెన్సిలు ముక్క అడిగేదానివి" అంది. కండ్లు తుడుచుకుని, తీగను సంచిలో పెట్టుకుని, పెట్టెను చంకన పెట్టుకుంది. "బిల్లు రాయి."

"దీనికి బిల్లేందే?"

"మీ అంగట్లో బిల్లు లేకుండా ఏదీ బయటికి పోదు కదా. ఏం పోయిందో, ఏం ఇస్తాండావో, రాసియ్యి. దాచుకుంటా."

బిల్లు పుస్తకం తీశాను. వస్తువు పేరు రాయాల్సిన చోట పెన్ను ఆగింది. ముష్టి డబ్బా కాదు. ఊదుడు పెట్టె కూడా కాదు. మొదటిసారి దాని పేరుతో రాశాను.

పట్టు పెట్టె, ఒకటి. పలుకుతుందో లేదో చూడలేదు.

పట్టు కట్టు, ఐదు వేళ్లది. అందులో రెండు వేళ్లు బాగున్నవి, ఇచ్చాను. మూడు వేళ్లు చెడినవి, అవీ ఇచ్చాను. చెడగొట్టింది అంగడి మనిషే, గుజిరీ భాయ్ కాదు.

వెల, యాభై రూపాయలు. నాకు పడింది అంతే, పైన ఏమీ వేసుకోలేదు.

అది యాభై తీసి గల్లా మీద పెట్టింది. వద్దనలేదు, తీసుకున్నాను. 'తగ్గింపు' అని ఉన్న గడి ఒకటి మిగిలింది. అందులో సున్నా చుట్టి, సంతకం చేసి, చించి చేతికిచ్చాను.