బానెట్ మూసి వినండి

మా మేనత్త పోయింది. చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త లేదు. పొద్దున్నే లేసి, పళ్లు తోముకోని కుర్చీలో కూర్చున్నిందంట. అంతే," అన్నాడు. నేను వెళ్తున్నది ఆమె దగ్గరికే. ఆమె తెమ్మన్న మామిడి తాండ్ర సంచిలోనే ఉంది. బస్సెక్కాను, దిగాను, చేయాల్సినవన్నీ చేశాను. ఏడుపు మాత్రం రాలేదు. అది దినాల రోజున వచ్చింది. అదీ దుఃఖంతో కాదు, కోపంతో. ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ ఆ కోపంతోనే. స్మృతి అంటే మెత్తగా రాయాలని నాకూ తెలుసు. అత్త ఉంటే, "కోపమొస్తే కోపంగానే రాయి మే, నీకేం భయం?" అనేది.

అత్త చిత్తూరు కోర్టులో స్టెనోగా చేసి రిటైరైంది. ఎదుటివాళ్లు అన్నది అన్నట్టు రాయడం ఆమె ఉద్యోగం. జడ్జిగారి తుమ్ము ఒక్కటే రాసుకోదని మామ ఎగతాళి చేసేవాడు. ఆ అలవాటు వల్లనో ఏమో, ఇంట్లో ఎవరైనా జరిగినదానికి ఉప్పూకారం చేర్చి చెబితే ఆమెకు ఒళ్లు మండేది. "సూసింది వేరే, విన్నది వేరే. రెండూ కలిపి సెప్పొద్దు," అనేది. పెళ్లి భోజనంలో ఎవరు అలిగారో, ఎందుకు అలిగారో కూడా ఆమె ముందు సాక్ష్యం లేకుండా చెప్పడానికి వీలుండేది కాదు.

అలాంటి మనిషి దినాలప్పుడు, ఆమె ఫోటో ముందే, పెద్దమామ అబద్ధం చెప్పాడు. పెద్దమామ అంటే మామకు అన్న. మామ పోయినప్పటి నుంచీ ఆ ఇంటికి తానే పెద్దదిక్కు అనుకుంటాడు. భోజనాలకు ముందు షామియానా కింద తలా ఒక మాట మాట్లాడుతున్నారు. ఒకామె అత్త పులిహోరను పొగిడింది. అత్త పులిహోర తిన్నవాళ్లు ఆ మాట అనరు. సరే, పోయినవాళ్ల గురించి మంచి చెప్పాలి కాబట్టి ఊరుకున్నాను. అప్పుడు పెద్దమామ గొంతు సవరించుకుని కారు కథ ఎత్తుకున్నాడు.

"ఆ కారు అరుపు నేనే కదబ్బా కనిపెట్టింది! మా మరదలు పాపం, బెదిరిపోయి ఉండాది. నేను పోయి బానెట్టు ఎత్తి సూసినా. ఫిల్టరు కాడ గుడ్డ కనబడింది. పీకి పారేసినా. అంతే, మళ్లా అరుపు లేదు."

అందరూ తలలూపారు. ఒకాయన, "పెద్ద చెయ్యి పడితే అట్లనేప్పా," అని కూడా అన్నాడు. నాకు కాళ్ల దగ్గర మొదలై మాడు దాకా మంటెత్తింది. జరిగింది చెబుతాను వినండి. నేను ఆ కారులో కూర్చుని ఉన్నాను కాబట్టి ఇది విన్న మాట కాదు.

మామ వదిలి వెళ్లింది ఒక పాత అంబాసిడర్. అది ఇక పాత సామాన్లకు పోతుందనే అందరూ అనుకున్నారు. అత్త అనుకోలేదు. దాని పెట్రోల్ ఇంజన్ పూర్తిగా అరిగిపోతే, తీయించేసి, వేరే కారు డీజిల్ ఇంజన్ వేయించింది. ఆ కాగితాలన్నీ తానే తిరిగి సరిచేయించుకుంది. కొత్త ఇంజన్ పాతదానికంటే ఎత్తుగా ఉండటంతో గాలి పీల్చుకునే ఫిల్టర్ డబ్బా బానెట్‌కు బాగా దగ్గరగా వచ్చింది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా తేలికే.

బండి మెకానిక్ షెడ్డు నుంచి రాగానే అలిపిరికి తీసుకెళ్లి పూజ చేయించాం. మా వైపు బండి కొన్నా, ఇంజన్ మార్చినా, పెద్ద రిపేరు చేయించినా అలిపిరిలో టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకపోతే ఎవరికీ నిద్ర పట్టదు. పూజంతా పెద్దమామ చేతుల మీదుగానే జరిగింది. బానెట్ ఎత్తి ఇంజన్‌కు కూడా పసుపూ కుంకుమా పెట్టాడు. నేనూ అత్తా అప్పుడు టెంకాయ చిప్పలు ఏరుకుంటున్నాం.

మర్నాడు చంద్రగిరి వెళ్తుంటే మొదలైంది ఆ శబ్దం. ఎత్తు ఎక్కేటప్పుడు అత్త యాక్సిలరేటర్ గట్టిగా నొక్కగానే బానెట్ లోపలి నుంచి "బూఁ..." అని ఒక మూలుగు. కాలు తీస్తే ఆగిపోయేది. వెనక పొగ కూడా నల్లగా వచ్చేది.

షెడ్డుకు తీసుకెళ్లాం. మేస్త్రీ బానెట్ ఎత్తి, ఇంజన్ జోరు పెంచి రేజ్ చేసి, చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. ఇంకో షెడ్డుకు వెళ్లాం. అక్కడా అంతే. ఫ్యాన్ బెల్టు మార్చారు, సైలెన్సర్ బిగించారు, కింద పడుకుని చూశారు. బానెట్ ఎత్తి వింటే శబ్దమే లేదాయె. "బండి బాగుండాది మేడమ్. వయసైతే చెవుల్లో అట్ల గుయ్యిమంటా ఉంటాది," అన్నాడు రెండో మేస్త్రీ, నవ్వుతూ. పక్కన కూర్చున్న నాకు వయసు కాలేదు. నాకూ వినిపిస్తూనే ఉంది. ఆ మాట చెబితే, "మీరు ఆమె మాటే కదమ్మా చెప్తారు," అన్నాడు. మగవాడు ఎవరైనా వచ్చి అదే శబ్దం ఉందంటే వాళ్లు బండి నడిపి చూసేవాళ్లు. మా ఇద్దరి మాటకు నడిపి చూడాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇప్పటికీ ఆ షెడ్డు ముందు నుంచి వెళ్తే నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

ఈలోగా పెద్దమామ ఇంటికొచ్చి కూర్చున్నాడు. "మా తమ్ముడు ముట్టుకున్న ఇంజన్ పీకి పారేస్తే బండి ఏడవదా? అది ఏడుపే. దోషం పట్టింది. యాడన్నా రోడ్డు మీద ఆగిపోతే ఆడకూతురివి ఏం చేస్తావు? తాళాలు నాకిచ్చేయ్, ఎవరికైనా అమ్మిస్తా," అన్నాడు. చుట్టాలంతా ఆయన పక్కనే. ఫోన్లు చేసి మరీ అత్తకు బుద్ధి చెప్పారు. ఆ కారు పోతే అత్త ప్రతిదానికీ ఎవరో ఒకరి బండి వెనక కూర్చోవాలి. ఎక్కడికి పోవాలన్నా ఎందుకని అడిగించుకోవాలి. ఆమెకు అది తెలుసు. వాళ్లకూ తెలుసు.

అత్త అరవలేదు. "ఈ ఆదివారం దాకా ఉండండి బావా. శబ్దం యాడిదో నేను సూపించలేకపోతే తాళాలు మీకే ఇస్తా," అంది. ఆయన వెళ్లాక నేను గొడవకు దిగాను, ఎందుకలా మాటిచ్చావని. "వాళ్లంతా అరస్తా ఉండారు మే. ఇంగ నేనొక్కదాన్నన్నా వినల్ల గదా," అంది.

మర్నాడు పొద్దున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చంద్రగిరి రోడ్డెక్కింది. అద్దాలన్నీ మూయించింది. ఎత్తు మీద మూలుగు రాగానే క్లచ్ నొక్కి, చక్రాలకు ఇంజన్‌తో సంబంధం తెంపి, మళ్లీ రేజ్ చేసింది. మూలుగు వచ్చింది. "సరే. చక్రాల్ది కాదు, గేర్లది కాదు. ఇంజన్‌దే," అంది. రోడ్డు పక్కన ఆపి, నిలబడిన చోటే రేజ్ చేసింది. వచ్చింది. దిగి, బానెట్ ఎత్తి కడ్డీ పెట్టి, నన్ను రేజ్ చేయమంది. రాలేదు. బానెట్ దించింది. వచ్చింది. మళ్లీ ఎత్తింది. రాలేదు. దారిన పోయే స్కూటర్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయారు.

అత్త నడుం మీద చెయ్యేసుకుని కాసేపు ఆ బానెట్ వంకే చూసింది. "ఎత్తితే లేదు. మూస్తే ఉండాది. వాళ్లు ఒక్కరన్నా మూసి విన్నారా? బానెట్టు కిందికి దిగి దేన్నో అదమతా ఉండాది మే. దేన్ననేదే తెలియల్ల."

ఇంటికొచ్చి ఇంజన్ చల్లారేదాకా ఆగింది. ముగ్గుపిండిని నీళ్లతో చిక్కగా కలిపి, బానెట్ లోపలి వైపు వేళ్లతో దట్టంగా పూసింది. నెమ్మదిగా మూసి, చేత్తో ఒక నొక్కు నొక్కి, మళ్లీ ఎత్తింది. కింద ఇంజన్ అంతా నల్లగానే ఉంది, ఒక్క చోట తప్ప. ఫిల్టర్ డబ్బా మూతి దగ్గర ముద్దగా ఏదో తెల్లబడి ఉంది. అత్త దాన్ని విప్పింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టిన ముడుపు. బయట కడితే ఎవరైనా విప్పుకుపోతారని, ఎవరికీ కనబడకుండా లోపల, గాలి పీల్చే మూతికే పూజ రోజు కట్టేశాడు పెద్దమామ. బానెట్ మూసినప్పుడల్లా అది ముడిని కిందికి అదిమేది. ఇంజన్ గట్టిగా గాలి లాగినప్పుడు గుడ్డ మూతికి అడ్డం పడి మూలిగేది. బండికి గాలాడక పొగ నల్లగా వచ్చేది. దోషమంటూ ఉంటే అది ఆయన చేతులతో కట్టిందే.

నేనైతే ఆ గుడ్డ తీసుకెళ్లి ఆయన మొహాన కొట్టేదాన్ని. అత్త దాన్ని ఉతికి, ఆరబెట్టి, దేవుడి గూట్లో పెట్టింది. ఆదివారం ఆయన రాగానే చేతిలో పెట్టి, "ఇది మీరు కట్టింది బావా. మొక్కులో తప్పు లేదు. కట్టిన సోటే తప్పు. శబ్దం దీనిదే," అని నేరుగా చెప్పింది. ఆయన ముడుపును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచికే కట్టినా లేమ్మా," అన్నాడు. తప్పయిందని అనలేదు. తాళాల మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత అత్త ఆ కారును ఆగకుండా తిప్పింది. చిత్తూరుకు, చంద్రగిరికి, పనున్నా లేకపోయినా. కోర్టులో పాత స్నేహితురాళ్లను ఎక్కించుకుని సినిమాలకు కూడా పోయేది. ఎవరికీ జవాబు చెప్పేది కాదు.

ఇదీ జరిగింది. ఇదంతా తెలిసిన మనిషి, ముడుపును స్వయంగా చేతిలో పట్టుకున్న మనిషి, షామియానా కింద నిలబడి "నేనే కనిపెట్టినా" అన్నాడు. నేను లేచాను. "లేదు పెద్దమామా. మీరు కట్టినారు. అత్త కనిపెట్టింది," అన్నాను. అందరూ నావైపు తిరిగారు. అమ్మ నా కొంగు లాగింది.

పెద్దమామకు కోపం రాలేదు. అదే నన్ను ఇంకా మండించింది. చిన్నపిల్లను బుజ్జగించినట్టు నవ్వి, "ఎవురు కనిపెడితే ఏముండాదిలే పాపా, పోయినామె పోయె," అన్నాడు. ఏమీ లేకపోతే మరి మీ పేరు ఎందుకు చెప్పుకున్నారు? ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క గెలుపే. దాన్ని కూడా ఆమె ఫోటోకు వేసిన దండ వాడకముందే తీసుకెళ్లాలా? ఇదంతా గట్టిగానే అడిగాను. వడ్డించేవాళ్లు కూడా ఆగి విన్నారు.

అంతలో వంటవాళ్ల వ్యాను గేటు దగ్గర హారన్ కొట్టింది. అత్త కారు అడ్డంగా ఉంది. ఆ గొడవ నుంచి తప్పించుకోవడానికి అదే సందని పెద్దమామ తాళాలు తీసుకుని చకచకా వెళ్లాడు. తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పట్టలేదు. మోకాలు స్టీరింగ్‌కు తగులుకుంది. సీటు వెనక్కి జరపాలని కింద చెయ్యి పెట్టి మీట కోసం వెతికాడు. మీట లేదు. అత్త పొట్టి మనిషి. ఆ ముడుపు గొడవ తీరాక సీటును ఎత్తు చేయించి, తన కాలు పెడళ్లకు అందేంత ముందుకు జరిపించి, బోల్టులతో అక్కడే బిగించేసింది. పెద్దమామ దిగాడు. తమ్ముడు ప్రయత్నించాడు, పట్టలేదు. నేనూ కూర్చోబోయాను. నేనూ ఆమెకంటే పొడుగే.

చివరికి నెట్టాల్సి వచ్చింది. పంచెలు ఎగగట్టుకుని చుట్టాలంతా ముందు నుంచి నెడుతుంటే, పెద్దమామ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పుతూ పక్కన నడిచాడు. కారు మెల్లగా వెనక్కి, గేటు దాటి, వీధిలోకి వెళ్లింది. డ్రైవర్ సీట్లో ఎవరూ లేరు.