విన్నవాళ్ల సంతకం

ఢిల్లీ వచ్చిన మొదటి ఆదివారం, మునిర్కాలో మా అద్దె గది ముందు నేను తెల్లచీర కట్టుకుని చర్చికి బయల్దేరి నిలబడితే, ఇంటి ఓనరు ఆంటీ నన్ను ఎగాదిగా చూసి, "ఎన్నాళ్లయింది బేటీ?" అని అడిగింది. పెళ్లయి ఎన్నాళ్లయిందని అడుగుతోంది కాబోలనుకుని "ఎనిమిది నెలలు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకుంది. అంతలో మా ఆయన నోటినిండా పేస్టు నురగతో, భుజాన తువ్వాలుతో గదిలోంచి బయటికి వచ్చాడు. ఆంటీ ముఖం అప్పుడు చూడాలి.

మా గుంటూరు వైపు ఆదివారం ఆరాధనకు ఆడవాళ్లు తెల్లచీర కట్టుకోవడం మామూలు. మా అమ్మమ్మ అలాగే వెళ్లేది, మా అమ్మా అలాగే వెళ్లేది. ఇక్కడ తెలుపు కడితే మొగుడు పోయాడనుకుంటారని ఆంటీ చెప్పి, "ఏదైనా రంగుది కట్టుకోరాదూ, చూసేవాళ్లకు బాగుండదు" అంది. చూసేవాళ్ల కోసం కట్టుకోవడం లేదని గట్టిగానే చెప్పాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఈ ఊళ్లో ప్రతి ఆదివారం తెల్లచీరే కట్టాను, సగం భక్తితో, సగం పంతంతో. మెట్రోలో ఎవరైనా జాలిపడి సీటిస్తే మారు మాట్లాడకుండా కూర్చునేదాన్ని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చాలా ధైర్యం గలదాన్నని అనుకునేదాన్ని. ఆటోవాడితోనూ, కూరగాయల భయ్యాతోనూ, ఢిల్లీలోనే ద్వారకకు మారాక మా అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీతోనూ, ఆఖరికి రౌండ్లకు వచ్చే డాక్టర్లతోనూ నేను ఊరుకునేదాన్ని కాదు. వార్డులో నన్ను 'నోరున్న సిస్టర్' అనేవాళ్లు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. ఒంటి మీద గుడ్డతో చెప్పే మాటకూ, పదిమంది నవ్వుకుని మర్చిపోయే గొడవకూ పెద్ద ధైర్యం అక్కర్లేదని నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. అప్పుడు తెలిసి ఏం లాభం?

మాది ఢిల్లీని ఆనుకుని ఎన్సీఆర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి. పై అంతస్తులో విదేశీ రోగుల వార్డు. అక్కడ ప్రతి వస్తువూ ఏదో ఒకటి చెప్పడానికే ఉంటుంది. రోగి వచ్చిన రోజున ఆ దేశపు చిన్న జెండా మంచం పక్కన బల్ల మీద పెడతాం. డిశ్చార్జి కాగానే తీసి సొరుగులో వేసి ఇంకో దేశానిది పెడతాం. పెద్ద డాక్టర్లకు టై ఉండాలి. మేము జుట్టుకు వల వేసుకోవాలి. చెవులకు పూసంత దిద్దులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఎంత నవ్వాలో కూడా ట్రైనింగులో నేర్పారు. ఎంబసీవాళ్లు చూడటానికి వస్తే లిఫ్టు దగ్గర ఎవరి వెనక ఎవరు నిలబడాలో రాసిన కాగితం ఒకటి స్టేషన్‌లో అంటించి ఉంటుంది.

ఆ వార్డులో నా కింద ఒక అమ్మాయి పనిచేసేది. భీమవరం దగ్గరి పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి మునిర్కాలో గది తీసుకుని ఉండేది. మా చర్చికే వచ్చేది. నన్ను అక్కా అనేది. మాట తక్కువ, చెయ్యి చురుకు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు సీసా మీది పేరు పెదాలతో చదువుకునేది. "ఏంటే, సీసాకు ప్రార్థన చేస్తున్నావా?" అని ఏడిపిస్తే నవ్వి, మళ్లీ మొదటి నుంచి చదువుకునేది.

డాక్టరు ఫోన్లో మందు చెబితే రాసుకోవడానికి మాకు ఒక పుస్తకం ఉంటుంది. ఫోనెత్తిన నర్సు విన్నది రాసి, రాసింది డాక్టరుకు తిరిగి చదివి వినిపించాలి. పక్కన ఇంకో నర్సు నిలబడి ఆ మాటలన్నీ వినాలి. ఇద్దరూ సంతకం చెయ్యాలి. మొదటి గడి రాసినవాళ్లది, రెండోది విన్నవాళ్లది. రేపు ఎవరూ నేనలా అనలేదని అనకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. పని ఎక్కువగా ఉన్నప్పుడు రెండో గడి తర్వాత నింపుతాం. ప్రతి ఆసుపత్రిలోనూ అంతే అనుకుంటాను, కానీ అది సాకు కాదు.

ఒక మధ్యాహ్నం, మోకాలి ఆపరేషన్ అయిన విదేశీ పెద్దావిడ ఒకామె నొప్పితో మూలుగుతోంది. పక్కన ఆమె కూతురు, హిందీ, ఇంగ్లీషు రెండూ రావు. మా భీమవరం అమ్మాయి ఓపీలో ఉన్న డాక్టరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆయన ఒక ఇంజెక్షన్ పేరు చెప్పాడు.

"సార్, ఆ మందు ఈమెకు పడదని ఫైల్లో ఉందండి. ఎర్ర స్టిక్కర్ కూడా ఉంది," అంది అమ్మాయి.

"నేను చూశాను. అది ఎప్పటిదో పాత సంగతి. ఇవ్వండి సిస్టర్, నేను చెబుతున్నాను కదా."

నేను రెండడుగుల దూరంలో పక్క మంచం రోగికి కట్టు మారుస్తున్నాను. అమ్మాయి ఫోన్‌ను నా వైపు తిప్పి, విన్నారా అన్నట్టు కనుబొమలెత్తింది. విన్నానని తలూపాను. రోజూ డాక్టర్లతో తగువుపడే నేను, ఆ ఒక్క రోజు తగువు పడాల్సిన చోట తలూపి ఊరుకున్నాను. అమ్మాయి రాసుకుంది, చదివి వినిపించింది, పుస్తకం నా దగ్గరికి తెచ్చింది. "గ్లౌజులు తీశాక పెడతాలే," అన్నాను.

అమ్మాయి ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాల్లో ఆవిడకు ఊపిరి అందకుండా పోయింది. మేమంతా చెయ్యగలిగింది చేశాం. ఐసీయూకు మార్చారు. మూడో రోజు ఆవిడ చనిపోయింది.

ఆ మందు పడదన్న సంగతి తనకెవరూ చెప్పలేదని డాక్టరు రాసిచ్చాడు. చెప్పానని అమ్మాయి రాసిచ్చింది. ఇక మిగిలింది నేను. అమ్మాయి మాత్రం ధైర్యంగానే ఉంది. "అక్క విన్నారు కదా," అని మిగతా నర్సులతో అందట. నా గురించి ఆమె అంత నమ్మకంగా మాట్లాడటం అదే ఆఖరిసారి.

నర్సింగ్ సూపరింటెండెంట్ నన్ను తన గదికి పిలిచింది. కేరళ ఆవిడ, చెడ్డ మనిషి కాదు. టీ తెప్పించింది. ఒక కాగితం టైపు చేయించి సిద్ధంగా ఉంచింది. ఆ సమయంలో నేను మరో రోగికి డ్రెస్సింగ్ చేస్తున్నాననీ, ఫోన్‌లో జరిగిన సంభాషణ నాకు స్పష్టంగా వినపడలేదనీ అందులో ఉంది. మొదటి వాక్యం నిజమే.

"సిస్టర్, రెండో గడి ఖాళీగా ఉంది," అందావిడ హిందీలో, మెల్లగా. "విన్నానంటే, ఎందుకు సంతకం పెట్టలేదంటారు. విని ఎందుకు ఆపలేదంటారు. అప్పుడు మీరూ ఆ అమ్మాయి పక్కనే నిలబడాలి. వచ్చే నెల మీ కాంట్రాక్టు రెన్యువల్. ఈ వయసులో మిమ్మల్ని ఎవరు తీసుకుంటారు?"

బెదిరించినట్టు కాదు, సొంత చెల్లెలికి చెప్పినట్టే చెప్పింది. నాకు కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇంట్లో పన్నెండో క్లాసు చదివే కొడుకు, పనికి సరిగా వెళ్లలేని మా ఆయన నడుము నొప్పి, ఇల్లూ, అన్నీ గుర్తొచ్చాయి. కాగితం రెండుసార్లు చదివాను. ఒకచోట తేదీ తప్పు పడితే నేనే చూపించి దిద్దించాను. తర్వాత సంతకం పెట్టాను.

సాయంత్రం మా ఆయన "ఏం రాశావ్?" అని అడిగాడు. "వాళ్లు రాసిందే," అన్నాను. ఆయన టీవీ సౌండు కొంచెం పెంచాడు.

అమ్మాయిని తీసేశారు. ఆమె మీద నర్సింగ్ కౌన్సిల్‌కు ఫిర్యాదు కూడా పంపారు. అంటే నర్సుగా ఆమె రిజిస్ట్రేషన్ సంగతి తేలేదాకా ఇంకెక్కడా చేర్చుకోరు. ఈలోగా ఎంబసీ నుంచి ఆసుపత్రికి లేఖ వచ్చింది, ఇక్కణ్ణుంచి జవాబు వెళ్లింది. మా వార్డులో దుబాసీగా పనిచేసే ఒకాయన ఆ రెంటినీ చదివాడు. "వాళ్లు ఆందోళన అని రాశారు, మనవాళ్లు తీవ్ర విచారం అని రాశారు, క్షమాపణ అన్న మాట మాత్రం ఎవరూ ముట్టుకోలేదు," అన్నాడు టీ తాగుతూ. "చివర రెండు దేశాల స్నేహం గురించి ఒక పేరా ఉంది. బాగా రాశారు సిస్టర్. ఇక ఎవరూ ఏమీ అడగరు." కూతురు తల్లి శవపేటికతో విమానం ఎక్కేసింది. వెళ్లేముందు మా అందరికీ చాక్లెట్లు పంచింది. అవి ఎలా తిన్నామో తెలియదు, నేనూ ఒకటి తిన్నాను.

అమ్మాయిని తీసేసినందుకు నర్సులందరూ ఒక రోజు నల్లబ్యాడ్జీలు పెట్టుకుని డ్యూటీ చెయ్యాలని నిర్ణయించారు. పని ఆపకూడదు, నినాదాలు వద్దు, బ్యాడ్జీ మాత్రమే. పొద్దున్నే ఒక పిల్ల వచ్చి నా యూనిఫాం మీద నల్లరిబ్బను గుచ్చింది. "దీదీ, మీరు పెట్టుకుంటే మాకు బలం," అంది. నేనేం రాసిచ్చానో వాళ్లకు తెలియదు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. తేలు కుట్టిన దొంగలా రోజంతా ఆ రిబ్బనుతో తిరిగాను. సూపరింటెండెంట్ ఎదురైనప్పుడు నా గుండె మీదికి చూసి, చిన్నగా తలాడించి వెళ్లిపోయింది. ఫొటో తీసినప్పుడు నన్ను మధ్యలో నిలబెట్టారు. ఆ ఫొటో మా నర్సుల వాట్సాప్ గ్రూపులో పెడితే అమ్మాయి దాని కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపింది. అందరికీ పంపిందో, నాకే పంపిందో నాకు తెలియదు.

ఆ ఆదివారం ఆమె చర్చికి రాదనుకున్నాను. వచ్చింది. ద్వారకలో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే చిన్న తెలుగు సంఘం మాది, అరవై మందిమి ఉంటాం. పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పేవాళ్లను లేవమన్నారు. వీసా వచ్చినందుకు ఒకరు, జ్వరం తగ్గినందుకు ఒకరు స్తోత్రాలు చెప్పారు. తర్వాత ఆమె లేచింది. నా పక్కన కూర్చున్నావిడ చేతిలోని విసనకర్ర ఆగిపోయింది.

"నా ఉద్యోగం పోయిందండి," అంది, నేల చూస్తూ. "రేపు ఊరెళ్లిపోతున్నాను. ఆ మందు పడదని నేను సార్‌కి చెప్పానండి. నిజం బయటికి రావాలని అందరూ ప్రార్థన చెయ్యండి." అంతే. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడలేదు.

పాస్టరుగారు మైకు నా వైపు చాపారు. "అక్కగారూ, మీరిద్దరూ ఒకే ఆసుపత్రి. ఈ బిడ్డ కోసం మీరు ప్రార్థన చెయ్యండి," అన్నారు. ప్రార్థన బాగా చేస్తానని సంఘంలో నాకు పేరు. లేచి వెళ్లాను. ఆమె మోకరించింది. తల మీద చెయ్యి పెట్టాను. నా గొంతు వణికింది, దాంతో ఇంకా బాగా వచ్చింది ప్రార్థన. ప్రభువా, దాచినదేదీ నీ ఎదుట దాగదు, నిజం తెలిసినవాళ్ల నోళ్లు తెరిపించు, ఈ బిడ్డకు న్యాయం చెయ్యి అన్నాను. నా నోట్లో ఉన్న నిజాన్ని బయటపెట్టమని, మైకులో, అరవై మంది ముందు, దేవుణ్ణి బతిమాలాను. ఒకరిద్దరు ఏడ్చారు. అందరూ ఆమెన్ అన్నారు.

ఆరాధన అయ్యాక బయట వరండాలో చెప్పులు వేసుకుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు.

"అక్కా, ఒక్క మాటండి. మీకు వినపడలేదని రాసిచ్చారని నన్ను తీసేసిన రోజు చెప్పారు. ఆ రోజు ఫోన్ మీ వైపు తిప్పాను కదా, మీరు తలూపినట్టనిపించింది నాకు. రోజూ అదే ఆలోచిస్తున్నానండి, నిద్ర పట్టట్లేదు. ఏసీ చప్పుడుకి మీకు వినపడలేదేమో, ఇంకెందుకో ఊపుంటారేమో. అంతేనాండి? ఆ ఒక్కటీ చెప్పండక్కా. నేనెవరికీ చెప్పను."

అక్కడ టైపు చేసిన కాగితం లేదు, సూపరింటెండెంట్ లేదు. విన్నానమ్మా, భయపడి రాశాను అని చెబితే నా ఉద్యోగానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ పిల్ల తన జ్ఞాపకం సరైనదేనని తెలుసుకుని ఊరెళ్లేది. కాళ్లు పట్టుకోవాలనిపించింది, నిజంగా అనిపించింది.

"అవునమ్మా," అన్నాను. "నాకు వినపడలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగాను.

"అలాగేనండి. వెళ్తాను మేడమ్," అంది.