బెల్టు గిర్నిని ఇవ్వను

నా చేతిరాత బాగుండదు, తప్పులూ ఎక్కువే. మనవరాలు చూసి టైపు చేస్తోంది, మన్నించండి.

మేడ్చల్‌లో మా పిండిగిర్నిని అమ్మేసి, మోటారు లోపలే బిగించిన కొత్తది పెడతానని, పాతదాన్ని తీసుకుపోవడానికి మా అబ్బాయి ఈ రోజు ఆటో తెచ్చాడు. నేను గిర్ని గడపమీద కూర్చున్నాను. ఇంజనీరింగ్ చదివే మనవరాలు పక్కనే పరీక్షకు చదువుకుంటోంది.

“ఏంది బిడ్డా అది?”

“డిపెండెన్సీ ఇంజెక్షన్, తాతా. ప్రోగ్రాంల ఒక భాగానికి ఇంకో భాగం కావాలంటే, దాన్ని లోపలనే తయారు చేసుకోవద్దు. బయటికెల్లి మనమే అందియ్యాలె. అప్పుడు ఏది కావాలంటే అది మార్చుకోవచ్చు.”

నాకు వెంటనే అర్థమైంది. మా గిర్ని లోపల మోటారు లేదు. కరెంటుంటే బయటి మోటారుకు, పోతే డీజిల్ ఇంజనుకు బెల్టు వేస్తాం. ఏది తిప్పినా పిండి పడుతుంది.

“నాయినా, జర లెవ్వు. ఆటోవాళ్లు గిర్ని ఎత్తుతరు,” అన్నాడు మా అబ్బాయి.

“లెవ్వ. కరెంటు పోతే నీ కొత్తదాన్ని చేత్తో తిప్పుతవా? నీ బిడ్డనడుగు, పుస్తకంల ఉన్నది.”

మనవరాలు నవ్వింది. ఆటో ఖాళీగా పోయింది.

రేపు పొద్దున మళ్లీ వస్తుందట. ఈ చదువు తెలిసినవాళ్లు, నాకు అర్థమైంది సరైనదేనా, జల్దీ జవాబు రాయండి. తప్పయినా సరే, గడప మీద నుంచి లేవను.