మళ్ళీ ఆడించే పగిడయ్య

తడి గోనెపట్టాతో గోడ మీది బంతి మచ్చలు రుద్దుతూ రుద్దుతూనే పగిడయ్య కేక పెట్టాడు. "అడ్డం!"

ఆటల టీచరు వనజ ఉలిక్కిపడి ఆగింది. "నేనేం చేసిన పగిడన్నా?"

"బక్కెట్‌కు నాకు నడుమల నిలబడ్డవ్ మేడం. తప్పు నీది కాదు, నాది కాదు. బయటికి పోయి మళ్ళీ రా."

వనజ బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. రాకపోతే ఆయన చేతిలో పట్టా కదలదని ఆమెకు తెలుసు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఆ ఆశ్రమ పాఠశాలలో పగిడయ్య మరమ్మతుల మనిషి. వడ్రంగం, రంగులు, కుళాయిలు అన్నీ చూసి చూసి నేర్చుకున్నాడు. ఆయనకున్నది ఒక్కటే జబ్బు. లోకంలో ఎవరు ఎవరికి అడ్డం వచ్చినా "అడ్డం!" అని అరిచి, ఆ పనిని మొదటినుంచి మళ్ళీ చేయిస్తాడు.

బడి పక్కన తునికాకు మూటలు దాచే గోదాము ఖాళీ అయితే, దాన్ని రాకెట్‌బాల్ కోర్టు చేసింది ఆయనే. రూల్సు పుస్తకం తెప్పించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాడు. ఆట తేలికే. రాకెట్ అనే చిన్న బ్యాటుతో కొట్టిన బంతి ఎదుటి గోడకు తగలాలి, తిరిగొచ్చాక రెండోసారి నేల తాకేలోగా అవతలివాళ్ళు కొట్టాలి. ఎవరో ఒకరు తప్పేదాకా సాగితే అది ఒక ర్యాలీ. చిక్కల్లా ఒక్కటే. నడుమ వల ఉండదు. ఇద్దరూ ఒకే గదిలో ఒకరి కాళ్ళ మధ్య ఒకరు ఆడాలి.

పైగా పిల్లలందరూ ఏడుపెంకులాటలో ఆరితేరినవాళ్ళు. ఒంటికి బంతి తగిలితే అవుటే అనుకుని, గోడను వదిలేసి వీపులకు గురి పెట్టేవాళ్ళు.

"తగిలింది! బాలి అవుట్!" అని కవిత గంతులేసేది.

"ఏంది అవుట్? గోడ దాకా పొయ్యే బంతికి బాలి అడ్డమొచ్చింది. గంతే. మళ్ళీ ఆడుండ్రి."

"గోడ దాకా పోని బంతి అయితే తాతా?"

"అప్పుడు ర్యాలీ నీదే పోతది. దెబ్బ దానికి, నష్టం నీకు."

అలా వీపులు బతికాయి. కోర్టులో కేకలు రూలు ప్రకారమే. కానీ ఏడాదిగా ఆ జబ్బు ముదిరి ఊరి మీద పడింది. భద్రాచలం బస్టాండులో ఒకామె ఇప్పపువ్వు గంపతో బస్సు మెట్ల మీద ఇరుక్కుంటే, "అడ్డం!" అని అరిచి, దిగిన తొమ్మిది మందినీ ఎక్కించి మళ్ళీ దింపాడు.

"ఇదేం రూలయ్యా?" అని కండక్టరు మొత్తుకున్నాడు.

"పుస్తకంల ఉంది."

"ఏ పుస్తకం?"

"ఇంగ్లీషుది. నీకు దొరకదు."

కోర్టులోనూ కేక మరీ ముందుకు జరిగింది. రాకెట్ లేస్తే చాలు, అడ్డం. ఇంతలో ఖమ్మంలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ వచ్చింది. బడినుంచి ఒక్కరికే చోటు. కవితను పంపాలని వనజ అనుకుంది.

"నీ కేకలతోని అది ఒక్క ర్యాలీ నిండుగ ఆడంగ చూడలే నేను," అని కసిరింది. అంతటితో ఆగక, అక్కడ స్కోరు రాసే పనికి ఆయన పేరిచ్చింది. స్కోరు రాసేవాడు ఆట మధ్యలో నోరు తెరిస్తే బయటికి పంపిస్తారు. తన తెలివికి తనే మురిసిపోయింది.

పగిడయ్య ఒక పెన్సిల్ చెక్కి జేబులో వేసుకున్నాడు.

ఖమ్మంలో కవితకు ఎదురాడింది నాగలక్ష్మి. ముందు పదిహేను చేరినవాళ్ళదే ఆట. స్కోరు పద్నాలుగు, పద్నాలుగు. సర్వీసు చేసినవాళ్ళు గెలిస్తేనే పాయింటు, ఆ సర్వీసు నాగలక్ష్మిది. ఈ ర్యాలీ పోతే కవిత ఆట పోయినట్టే. బంతి వెనక గోడకు తగిలి మెత్తగా వచ్చింది. కవిత రాకెట్ ఎత్తింది. పక్కనే నాగలక్ష్మి తల. చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. బంతి రెండుసార్లు నేల తాకింది.

కేక రాలేదు. పగిడయ్య పళ్ళ మధ్య పెన్సిల్ పటపటమంది.

జనం నవ్వారు. "భయపడ్డది!"

అప్పుడు వెలిగింది వనజకు. కిందటేడు కవిత రాకెట్ తగిలి బాలి కనుబొమ్మకు నాలుగు కుట్లు పడ్డాయి. ఏడాదిగా కవిత చెయ్యి ఇలా ఆగుతూనే ఉంది. అది ఎవరికీ కనపడకుండా ఆ కేకే ముందు వచ్చేది. పిల్లలు పగిడయ్యను చూసి నవ్వుకున్నారు తప్ప కవితను చూసి కాదు. ఆ నోటినే తను తీరిగ్గా మూయించింది.

"ర్యాలీ పోయింది," అన్నాడు రెఫరీ వెంకటరామారావు.

కవిత పగిడయ్య వైపు చూసింది. ఆయన కాగితం మీదనుంచి తల ఎత్తలేదు. ఆమె గొంతు సవరించుకుంది.

"లేదు సార్. బంతి నాకు అందేదే. కొడితే అక్క తలకు తగుల్తదని ఆగిన. కొట్టినంక అడిగితే చెల్లదు, ఆగి అడిగిన. ఇది అడ్డం. మళ్ళీ ఆడాలె."

రెఫరీ పుస్తకం తిరగేశాడు. నాగలక్ష్మి చెవి తడుముకుంది. "నిజమే సార్. ఇంకింత ఊపితే నేను దవాఖానల ఉందును."

పుస్తకమూ అదే మాట చెప్పింది. ర్యాలీ మళ్ళీ ఆడారు. కవిత గెలిచి సర్వీసు తెచ్చుకుంది. ఆ సర్వీసుకు బంతి మూలలో జారి, లేవనే లేదు. పదిహేను.

వనజ స్కోరు బల్ల దగ్గరికి పరుగెత్తింది. "దాని కోసమేనా అన్నా అన్ని కేకలు?"

పగిడయ్య పెన్సిల్ ముక్కలు ఊశాడు. "నేను అరవకుంటే పిల్లలు దాన్ని పిరికిదని నవ్వుతుండిరి మేడం. ఎదుటి మనిషిని చూసి ఆగేటోళ్ళ కోసమే గద ఆ రూలు. కవిత తనే అడిగేదాంక దాని తరఫున నేను అడిగిన."

"మరి బస్సుల దిగినోళ్ళను ఎందుకు ఎక్కించినవ్?"

"కోర్టులనే అరిస్తే అనుమానం రాదా?"

వనజకు నవ్వు ఆగలేదు. పగిడయ్య మాత్రం చివరి గడి నింపి, గీత కొట్టి, మొదటినుంచీ ఒకసారి కూడి చూసుకున్నాడు. కొట్టివేత ఒక్కటీ లేదు. గెలిచినవారి గడిలో కవిత పేరు మాత్రం పెన్నుతో రాసి, సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని రెండు చేతులతో రెఫరీకి అందించాడు.