రమణ నా మాట విన్నాడు

ఆరేళ్ళుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. మొన్న ఆదివారం రమణ నన్ను ఒక పని అడిగాడు. అది నేను చేయలేను. ఎందుకు చేయలేనో ఎవరో ఒకరికి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. నేను మీకు తెలియను, మీరు నాకు తెలియరు. ఈ మాట చెప్పడానికి అదే మేలు.

ఎడిన్‌బర్గ్‌లో తెలుగువాళ్ళం కొందరం సెలవురోజుల్లో కొండలెక్కేవాళ్ళం. చలికాలపు మంచుకొండ ఎక్కడం నేర్చుకున్నది నేనొక్కణ్ణే. రెండు రోజుల కోర్సు. ఆ రెండు రోజులకే అందరికీ అన్ననైపోయాను. ముందురోజు సాయంత్రం మంచుచరియల హెచ్చరిక వస్తుంది. అది చదివి, ఎటు వెళ్ళొచ్చో ఎటు వెళ్ళకూడదో తెలుగులో చెప్పడం నా పని. అందరికీ ఇంగ్లీషు వచ్చు, అయినా ఎవరూ చదివేవారు కాదు. అన్న చదివాడుగా అనేవారు. ఆ మాట నాకెంత ఇష్టమో!

ఆ శనివారం వెళ్ళింది నేనూ రమణా ఇద్దరమే. హెచ్చరికలో కొండకు ఈశాన్యం వైపు వాలంతా ఎరుపు, అంటే అటు అడుగు పెట్టొద్దని. ఇంట్లో అయితే అది దేవుడి మూల. నాలుగు రోజులుగా వీచిన నైరుతి గాలి మంచునంతా మోసుకొచ్చి అటువైపు పలకలా పేర్చింది. కింద పొర గట్టిగా లేదు. మనిషి బరువు చాలు, పలక ఊడిరావడానికి. ఇదంతా చదివాను. కారు దగ్గర చెప్పబోయాను. పులిహోర డబ్బా ఇవ్వడానికి కిందికొచ్చిన రమణ భార్య, "పొయ్యేటప్పుడు ఆ చెడ్డమాటలెందుకన్నా" అంది. ఫోన్ జేబులో పెట్టేశాను.

తప్పు ఆవిడ మీదకు నెట్టేయొచ్చు. మనసులో చాలాకాలం నెట్టాను కూడా, సిగ్గులేనివాణ్ణి. శకునాలంటే నవ్వే మనిషిని నేను. ఆవిడ అడ్డుపడితే హాయిగా అనిపించింది, ఎందుకంటే చెబితే రమణ వద్దంటాడు, నేను కలలుగన్న శిఖరం ఎక్కకుండానే ఆ చలికాలం అయిపోతుంది. తర్వాత మూడు గంటలు కారులో పక్కపక్కనే కూర్చున్నాం. అప్పుడు నా నోరు ఎవరు మూశారు?

మధ్యాహ్నానికి ఆ వాలు దగ్గరకు చేరాం. గట్టు మీదుగా చుట్టుదారి ఉంది, గంట ఎక్కువ పడుతుంది. వాలు మీద నాలుగడుగులు వేశామో లేదో కాళ్ళ కింద ధబ్‌మంది. లోపల పొర కూలిన శబ్దం అది. వింటే వెనక్కి తిరగాలని కోర్సులో మొదటి గంటలోనే చెప్పారు.

"అన్నా, ఏందో ధబ్‌మనింది. ఎనక్కి పోదామా?"

"ఏం కాదు. మంచు సర్దుకుంటోంది. నువ్వు ముందు నడు."

"నువ్వెట్ల చెప్తే అట్ల."

ముందు నడు. ఎందుకన్నాను? ఎప్పుడూ ముందుండేవాణ్ణి, ఆ రోజే ఎందుకు వెనక నిలబడ్డాను? భయమేసింది కాబట్టి. ఇంతకంటే మర్యాదగల కారణం కోసం ఆరేళ్ళు వెతికాను. లేదు.

ఇరవై అడుగులు వేశాడేమో. వాలు పగిలి వాడితో సహా కిందికి జారిపోయింది. ఒక చెయ్యి బయటికి కనబడింది కాబట్టి తవ్వి తీయగలిగాను. హెలికాప్టర్ వచ్చింది. రక్షణ బృందంలో ఒకావిడ ఏం జరిగిందని మామూలుగా అడిగింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా నా నోటి నుంచి వచ్చేసింది: వద్దన్నాను, వినలేదు అని.

తలకు తగిలిన దెబ్బతో రమణకు ఆ రోజంతా చెరిగిపోయింది. నేను చెప్పిందే వాడి జ్ఞాపకమైంది. కుడికాలు ఇప్పటికీ ఈడుస్తాడు. ఏటా ఇంటికి పిలిచి భోజనం పెట్టి, "నీ మాట వినకపోతిని అన్నా" అని క్షమాపణ అడుగుతాడు. భార్య వాణ్ణి తిట్టి నాకు ఇంకాస్త పప్పు వడ్డిస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఎవరి మీద? ఒక్కోసారి వాడి మీదే. ఒక్కసారైనా అనుమానపడడేం? జీవితంలో ఎవరి మాటా కాదనని మనిషి, ఆ ఒక్కరోజే మొండికేశానని ఎలా నమ్మాడు? చూశారా, తప్పు నాది, కోపం వాడి మీద. అంత నీచుణ్ణి.

వాళ్ళమ్మాయికి పదిహేనేళ్ళు. స్కూలువాళ్ళతో చలికాలం కొండకు వెళ్తానంటోంది. మొన్న రమణ దాన్ని నా ముందు కూర్చోబెట్టి, "పెద్దోళ్ళ మాట వినకుంటే ఏమైతాదో నువ్వే చెప్పన్నా. నన్ను చూపించి చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల తండ్రి కాలు చూసింది, నన్ను చూసింది. "నాన్న అందరి మాటా వింటాడు కదా అంకుల్" అంది ఇంగ్లీషులో.

టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను.

రమణకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మాటివ్వను, నా మాట విలువెంతో మీకూ తెలిసింది. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. నేను వద్దనలేదు. నడవమన్నాను. వాడు నడిచాడు.