ట్యాంకు మూత పక్కన నాన్న రాసిన మాట

ఈరోజు మధ్యాహ్నం నేను ఒక డీజిలు జీపులో పెట్రోలు పోశాను. బంకులో పుట్టి పెరిగినవాడు చేయకూడని తప్పంటూ ఏదైనా ఉంటే అది ఇదే. పనిలో కొత్తగా చేరినవాళ్ళకు మొదట చెప్పే మాట, అడగకుండా పైపు ముట్టుకోవద్దని. ఆ మాట ఎంతమందికో నేనే చెప్పాను. ఒకరిద్దరికి కటువుగా కూడా చెప్పాను.

మా బంకు నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే రోడ్డు మీద ఉంది. ఇది మామిడి సీజను. పొద్దుటి నుంచీ నున్న మార్కెట్‌కు వెళ్ళే బళ్ళే. ఇద్దరు పనివాళ్ళలో ఒకడు చెల్లెలి పెళ్ళికని సెలవు పెట్టాడు. రెండోవాడు అన్నానికి వెళ్ళాడు. అందుకని నేనే గదిలోంచి బయటికి వచ్చి పంపు దగ్గర నిలబడ్డాను. చాలా కాలం తర్వాత అలా నిలబడడం.

అప్పుడు ఒక పాత జీపు వచ్చి ఆగింది. వెనక ట్రెయిలరు నిండా రసాల ట్రేలు, పైన తడిపిన గోనెపట్టాలు. నడుపుతున్న మనిషికి నలభై ఉంటాయి. పక్క సీట్లో అతని తల్లి. “ఫుల్ చేసెయ్యండి” అని చెప్పి, ఖాళీ సీసాలు పట్టుకుని అతను కుళాయి వైపు వెళ్ళిపోయాడు.

నేను ట్యాంకు మూత తిప్పబోతూ దాని పక్కన చూశాను. దుమ్ము కింద తెల్లరంగుతో ‘పె’ అన్న అక్షరం, దాని తర్వాత కిందికి పొడుగ్గా జారిన ఒక తోక. మిగిలినదంతా ఎండకూ వానకూ పోయింది. ఆ తోకను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అది మా నాన్న రాత.

తాతయ్య కాలంలో ఇక్కడ బంకు లేదు. రేకుల పాక కింద నాలుగు డ్రమ్ములూ, చేత్తో తిప్పే ఒక పంపూ ఉండేవట. బంకు నాన్న పెట్టాడు. ఆ తర్వాత దాని పక్కనే జీపుల డీలర్‌షిప్ తెచ్చాడు. షోరూం అంటే ఇప్పటిలా అద్దాలూ ఏసీలూ కాదు. నాపరాళ్ళ నేల, ముందు ఒక ఇనుప షట్టరు, బండి ఎక్కడానికి వాలు, పక్కన మెట్లు. లోపల రెండు జీపులు పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది. కాయ కోతలు అయిపోయి తోటల లెక్కలు తేలాక బళ్ళు అమ్ముడుపోయేవి. రెడ్డిగూడెం నుంచీ ముసునూరు నుంచీ కుటుంబాలకు కుటుంబాలే వచ్చేవి. జీపు ఒక్కరు కొనేది కాదు. అత్తగారు రంగు బాగా లేదంటే బేరం మళ్ళీ మొదటికి వచ్చేది.

బండికి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచాక, షోరూం దాటేముందు నాన్న ఒక పని చేసేవాడు. సన్నటి కుంచె తీసుకుని ట్యాంకు మూత పక్కన తన చేత్తో ‘పెట్రోలు’ అనో ‘డీజిలు’ అనో రాసేవాడు. కంపెనీ అలా రాయమని ఎవరికీ చెప్పలేదు. రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, “ఆరేదాకా ఎవరూ ముట్టుకోకండి” అనేవాడు. అది ఆరేదాకా ఎంత తొందర ఉన్నవాళ్ళయినా కూర్చోవాల్సిందే. వెనక ఇంట్లోంచి అమ్మ మజ్జిగ పంపేది. ఆడవాళ్ళు షోరూం మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఎవరి తోట ఎవరికి కౌలుకిచ్చారు, ఎవరి పిల్లకు ఏ ఊరి సంబంధం చూస్తున్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. నిజానికి ఆ రంగు తొందరగానే ఆరిపోయేది. మాటలకే పొద్దు పోయేది.

ఆ షోరూం పోవడం నా చేతుల మీదుగానే జరిగింది. అద్దాల షోరూం కట్టాలి, లేకపోతే కుదరదని కంపెనీవాళ్ళు చెప్పారు. నాన్న కడదామన్నాడు. నేను “చూద్దాంలే నాన్నా” అన్నాను. కాదని ఒక్కసారి కూడా అనలేదు. చూద్దాం, చూద్దాం అంటూనే ఉండగా డీలర్‌షిప్ వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. బంకు ఉంది కదా, చాలు అనుకున్నాను. నాన్న నన్నేమీ అనలేదు. రోజూ పొద్దున్నే షట్టరు పైకెత్తి, ఖాళీ షోరూంలో పేము కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. పాత జీపు ఏదైనా పోతుంటే శబ్దాన్ని బట్టే “మన బండి” అనేవాడు. ఆయన పోయాక ఆ గదిని ట్రేల వ్యాపారికి అద్దెకిచ్చాను.

అప్పటి నుంచీ నాకొక అలవాటు. పాత జీపు ఎక్కడ కనపడినా ముందు ట్యాంకు మూత పక్కన చూస్తాను. అన్నీ రంగులు మారిపోయాయి, లేదా తుక్కుకు పోయాయి. ఆ రాత కనపడి చాలా ఏళ్ళయింది. ఈరోజు కనపడింది. కనపడగానే పెట్రోలు పైపు తీసి ట్యాంకులో పెట్టేశాను.

ముందు సీట్లో ఉన్న పెద్దావిడ నన్నే చూస్తోంది.

“నువ్వు ఆ జీపులాయన పెద్దబ్బాయివి కదూ?”

“అవునండీ.”

“మీ నాన్న పోలిక రాలేదే. ఆయన బక్కమనిషి.”

“నేను అమ్మ పోలికండీ.”

“అదీ చెప్పు. మీ అమ్మ చేతి మజ్జిగ తాగాం, ఇదిగో, ఈ బండి తీసుకున్నరోజే. అందులో పచ్చిమిరపకాయ ఎక్కువైంది.”

నాకు నవ్వొచ్చింది. నిజంగానే ఎక్కువ వేసేది. ఆవిడ ఇంకా ఏదైనా చెబుతుందేమోనని ఆవిడ మొహమే చూస్తూ, మీటరు చూడకుండా నిలబడ్డాను. కొడుకు సీసాలతో తిరిగి వచ్చాడు.

“ఏంటండీ ఇది? పెట్రోలు కొడుతున్నారేంటి?”

పైపు వెనక్కి తీశాను. అప్పటికే ట్యాంకు దాదాపు నిండింది.

“ఇంజను మార్పించి పదేళ్ళ పైనే అయిందండీ. డీజిలు బండి ఇది.”

“మీరు చెప్పలేదు కదా” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అతను కోప్పడలేదు. “వేరేచోటయితే ముందే దిగి చెబుతానండీ. మీ బంకులో కూడా చెప్పాలా? మీరు అమ్మిన బండే కదా, మీకు తెలీదా అనుకున్నా.”

అతను అలవాటుగా తాళం మీద చెయ్యి వేయబోయాడు. తల్లి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

“తిప్పకురోయ్. ఆ పెట్రోలు ఇంజనులోకి వెళ్ళిందంటే రసాలతో పాటు మనం కూడా ఇక్కడే మగ్గాలి.”

అప్పుడు చెప్పాడు సంగతి. ముసునూరు అవతల తోట కౌలుకు చేశారు. మొన్నటి గాలివానకు కాయ సగం రాలిపోయింది. నిలిచిన రసాలన్నీ ఈ ట్రెయిలరులోనే ఉన్నాయి. మార్కెట్‌లో వేలంపాట సాయంత్రంలోపే అయిపోతుంది. ఈ ఎండలో రేపటిదాకా ఉంటే కాయ మెత్తబడుతుంది, అప్పుడు ఎవడూ చెయ్యి పెట్టడు. ఫోను చేస్తే వాళ్ళూరి బళ్ళన్నీ అప్పటికే మార్కెట్‌కు వెళ్ళిపోయాయన్నారు. ట్యాంకు ఖాళీ చేయడం ఒక్కటే దారి. అదీ పంపులకు దూరంగా.

అన్నానికి వెళ్ళినవాడు తిరిగొచ్చాక పంపులు వాడికి అప్పజెప్పి, ఎదురుగా ఉన్న టీకొట్టతన్ని పిలిచాను. ట్రెయిలరు విప్పి బంకు నీడలో ఉంచాం. షోరూం షట్టరు ఎత్తి, ఖాళీ ట్రేలు రెండువైపులా గోడలకు జరిపాం. ముగ్గురం కలిసి జీపును లోపలికి తోశాం. నాపరాళ్ళ మీద టైర్ల చప్పుడు వినగానే నా చేతులు ఒక్క క్షణం పట్టు వదిలాయి.

“తొయ్యండి ఓనరు గారూ, చూస్తారేంటి” అన్నాడు టీకొట్టతను.

ట్యాంకు అడుగున ఉండే బోల్టు తుప్పు పట్టి తిరగలేదు. ఇక గొట్టం పెట్టి నోటితో లాగాల్సిందే. నాన్న అలాగే లాగేవాడు. మమ్మల్ని మాత్రం దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు.

“ఇటివ్వండి, నేను లాగుతా” అన్నాడు జీపతను.

“వద్దండీ. పోసింది నేను.”

మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి నోటినిండా పడింది. పెట్రోలు మంట, దాని వెనకే డీజిలు జిడ్డు. ఉమ్మేసి, గొట్టం కొస డబ్బాలో పెట్టాను. ధార పడింది.

“రుచి ఎలా ఉందండీ?” అన్నాడు టీకొట్టతను. “మా టీ కంటే నయమేనా?”

“రెండూ ఒకటేరా” అన్నాను. అందరం నవ్వాం. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. మెట్ల మీద కూర్చుని, బంకు నీడలో ఉన్న ట్రెయిలరు వైపే చూస్తోంది. ఎండ పక్కకు తిరిగి ట్రేల మీద పడుతుంటే రెండుసార్లు లేచి వెళ్ళి గోనెపట్టాల మీద నీళ్ళు చల్లి వచ్చింది. నేను డబ్బా తర్వాత డబ్బా మార్చాను. ధార సన్నబడేకొద్దీ వీళ్ళకు పాట అందదేమోనని నాకు భయం పెరిగింది. అది పూర్తిగా ఆగాక కొంచెం డీజిలు పోసి ట్యాంకు కడిగి, మళ్ళీ లాగి, జీపును పంపు దగ్గరికి తోసుకొచ్చాం.

పైపు తీయకుండా ముందు అడిగాను. “ఏం కొట్టమంటారు?”

అతను నా మొహంలోకి చూశాడు. “డీజిలండీ.”

ట్రెయిలరు తగిలించి బయలుదేరబోతుంటే, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క అయిదు నిమిషాలు ఆగమని అడిగాను. “ఆగడానికి ముందు అందాలి కదండీ” అని అతను గేరు వేశాడు. జీపు నల్లటి పొగ వదిలి రోడ్డెక్కింది.

ఆ తర్వాత నేను ఏ పనీ చేయలేకపోయాను. ఇద్దరికి చిల్లర తప్పిచ్చాను. పొద్దు వాలుతుండగా ఫోను వచ్చింది. “అందుకున్నామండీ. మాది ఆఖరి బండి.” అంతే చెప్పి పెట్టేశాడు.

అప్పుడు లేచి నాన్న కుంచె కోసం వెతికాను. ట్రేల వెనక అలమరలో దొరికింది గానీ, వెంట్రుకలన్నీ గట్టిపడి పుల్లలా ఉంది. బజారుకు వెళ్ళి కొత్త కుంచె, చిన్న తెల్లరంగు డబ్బా తెచ్చాను.

చీకటి పడకముందే ఖాళీ ట్రెయిలరుతో వాళ్ళు వచ్చారు. జీపును షోరూం ముందు ఆపమన్నాను. నా చేతిలో రంగు డబ్బా చూడగానే పెద్దావిడకు అర్థమైంది.

“చెరపకు బాబూ. ఇంజను మార్చేటప్పుడు మెకానిక్ గీకబోతే మా ఆయన పడనివ్వలేదు. పెద్దాయన చేతి రాత, దాని పాటికి అదుంటుందిలే అన్నాడు.”

ఆ మాట వినేసి డబ్బా మూత పెట్టెయ్యాలని నాకు ఎంతగా అనిపించిందో చెప్పలేను. ఆ ‘పె’ కోసం, ఆ తోక కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషిని. నాన్న చేతి రాత ఇంకెక్కడా మిగల్లేదని కాదు. ఇంట్లో కాగితాలున్నాయి. కాగితాల మీద అది అందరికీ ఉండే రాతే. బండి మీద ఉన్నదే నాన్న.

కానీ నేను ఈరోజు చేసిందేమిటి? ఆయన రాసిన మాట చదివాను, ఆయన చెప్పిన మాట వినలేదు. కళ్ళతో చూసి పొయ్యొద్దు, నోటితో అడిగి పొయ్యమని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. ఖాళీ షోరూంలో కూర్చున్నప్పుడు కూడా ఆయన్ని నేనేమీ అడగలేదు. మొహం చూసి, బాగానే ఉన్నాడనుకుని పంపు దగ్గరికి పోయేవాణ్ణి.

“ఇవాళ నేను చదివాను పిన్నిగారూ. రేపు ఇంకొకడు చదువుతాడు” అన్నాను.

ఫోను తీసి ఫోటో తీసుకున్నాను. వెలుతురు చాలక సరిగా రాలేదు. ఇంకోటి తీయకుండా, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచాను. గట్టిగా రుద్దాల్సి వస్తుందనుకున్నాను. సులువుగానే పోయింది. ఆరబెట్టి, అదే చోట ‘డీజిలు’ అని రాశాను.

“ఓనరు గారూ, లైను కొండెక్కుతోందండీ” అన్నాడు జీపతను.

“ఎక్కనీరా. తప్పు పోయకుండా ఉంటే చాలు” అంది తల్లి.

రెండడుగులు వెనక్కి వేసి చూశాను. అందంగా లేదు. కానీ దూరం నుంచి కూడా చదవొచ్చు. ఈలోగా పెద్దావిడ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి షోరూం మెట్ల మీద కూర్చుంది. కొడుకు “పోదాం రావే” అంటే కదల్లేదు.

“ఆరద్దూ? అప్పుడూ కూర్చున్నాం.”

అతను కూడా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. నేను వెనక ఇంట్లోకి వెళ్ళి, మా ఆవిడను అడిగి మూడు గ్లాసులు మజ్జిగ తెచ్చాను. పచ్చిమిరపకాయ ఎక్కువ వేయమని చెప్పి మరీ తెచ్చాను.