గిర్ని కాగితంలో రాయని సంగతి

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ పైకి చదివితే తప్ప నాకు అర్థం కాదు, అచ్చులో ఉన్నదాన్ని కాదనబుద్ధి కాదు. ఆ రోజు లక్సెట్టిపేట బస్సులో, కారం పట్టే కొత్త గిర్ని మిషన్ అమ్మేవాళ్లిచ్చిన కాగితం చదువుతున్నాను. "మా మిషన్ తొడిమెలతో సహా పట్టేస్తుంది. పనిమనిషి అక్కర్లేదు. ఆ జీతమంతా మీకు మిగులు."

పన్నెండేళ్లుగా నా గిర్నిలో చేస్తున్న రాజవ్వను రేపటి నుంచి రావద్దని ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను.

పక్కన ఖాళీ కూరగాయల గంపతో కూర్చున్న ఆమె నా చదువు విని అడిగింది. "గా పనిమనిషి మీ తాన ఏం జేస్తదక్కా?"

"మిరపకాయల తొడిమెలు తీస్తది. ఆడోళ్లు ఆమెతోని ముచ్చట పెట్టుకుంట కూసుంటరు."

"ఆమె లేకున్నా గా ఆడోళ్లు వస్తరని గా కాగితంల రాసిండ్రా?"

కాగితం తిప్పి కూడా చూశాను. రాయలేదు.

"మరి మిగిలేదేందక్కా?" అని గంప ఎత్తుకుని దిగిపోయింది.

సాయంత్రం రాజవ్వ గిర్ని గడపలో నిలబడి, "రేపు రావాల్నా, వద్దా?" అంది. సంగతి ఆమెకు ఎప్పుడో తెలిసినట్టుంది.

"రాకుంటే తొడిమెలు మీ అత్త తీస్తదా? పొద్దుగాల్నే రా," అన్నాను. ఆ పూట అన్నం సహించింది.

ఇప్పటికీ కాగితాలు పైకే చదువుతాను. పక్కన ఎవరైనా విని, అందులో రాయనిది అడుగుతారేమోనని.